కాన్పు ముందు ఆటలమ్మ: మొదటి పొక్కు ఏ రోజు వచ్చిందన్నదే అసలు ప్రశ్న

నేను గుంటూరులో నవజాత శిశువుల విభాగంలో పనిచేసే పిల్లల డాక్టర్ని. ఈ కేసు ఒక ఏప్రిల్ నెలలో మా దగ్గరికి వచ్చింది. కుటుంబం ఒప్పుకున్నాకే రాస్తున్నాను. ఊరు, వయసు, చేసే పని లాంటి వివరాలు కొన్ని తీసేశాను, కొన్ని మార్చాను.

గర్భిణికి ఆటలమ్మ (చికెన్‌పాక్స్) పోస్తే కడుపులో బిడ్డకు ఏమవుతుంది? ఈ ప్రశ్నకు మా ఓపీకి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది దగ్గర రెండు జవాబులుంటాయి. 'ఏమీ కాదు, అమ్మవారు చూసి వెళ్ళిపోతుంది' అని కొందరు, 'బిడ్డ అవకరంతో పుడుతుంది, తీయించేసుకోవాలి' అని కొందరు. రెండూ సరికాదు. మొదటి ఐదు నెలల్లో వస్తే బిడ్డ చర్మం మీద లోతైన మచ్చలు పడటం, చెయ్యో కాలో సరిగా ఎదగకపోవడం, కళ్ళకీ మెదడుకీ దెబ్బ తగలడం లాంటివి జరగొచ్చు. అయితే ఆ ప్రమాదం నూటికి ఇద్దరికి మించదు. దాని కోసం గర్భం తీయించుకోవక్కర్లేదు, ఐదారు వారాలు ఆగి స్కాన్ జాగ్రత్తగా చేయించుకోవాలి. ఐదో నెల దాటాక ఆ అవకరాల భయం దాదాపు పోతుంది. అందుకే నెలలు నిండాక ఆటలమ్మ పోస్తే ఇక బిడ్డకేం భయం లేదని అందరూ ధీమాగా ఉంటారు. నిజానికి కాన్పుకు ముందు ఐదు రోజులూ తర్వాత రెండు రోజులూ బిడ్డ ప్రాణానికే ప్రమాదమైన సమయం.

నేపథ్యం

ఆమెకు ఇది రెండో కాన్పు. మొదటిది సిజేరియన్. ఊరు గుంటూరుకు ఆటోలో గంట ప్రయాణం. మిర్చి కోతలు ముగిసి యార్డుకు బస్తాలు తోలే రోజులు కావడంతో మగవాళ్ళు ఇంటిపట్టున లేరు. ఆమె వెంట వచ్చింది తల్లి. నెలనెలా చెకప్‌లు సరిగానే జరిగాయి. తల్లీబిడ్డ కార్డులో రక్తం, బీపీ, షుగర్, టీటీ ఇంజెక్షన్లు అన్నీ రాసి ఉన్నాయి. చిన్నప్పుడు ఆటలమ్మ పోసిందా లేదా అన్నది మాత్రం ఎక్కడా లేదు. ఆ కార్డులో దానికి గడే లేదు.

చల్లటి దేశాల్లో ఈ జబ్బు దాదాపు అందరికీ చిన్నతనంలోనే వచ్చిపోతుంది. మన లాంటి వేడి ప్రాంతాల్లో పెద్దయ్యేదాకా రాకుండా మిగిలిపోయేవాళ్ళు ఎక్కువ. కాబట్టి మన గర్భిణుల్లో రక్షణ లేనివాళ్ళు తక్కువేం కాదు. పైగా ఆటలమ్మ టీకా ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే టీకాల జాబితాలో లేదు. తట్టు, రుబెల్లాలకు కలిపి ఇచ్చే ఎంఆర్ టీకా పల్లెల దాకా చేరింది, ఇది చేరలేదు. డబ్బు పెట్టి వేయించుకోగలిగినవాళ్ళ పిల్లలకే అందుతోంది.

ఈ ఇంట్లో పెద్దపిల్లకు నాలుగేళ్ళు. అంగన్‌వాడీలో ఇద్దరు ముగ్గురు పిల్లలకు పోసింది, తర్వాత ఈ పిల్లకూ పోసింది. పిల్ల ఒళ్ళు ఎండి నీళ్ళు పోసుకున్న కొద్ది రోజులకే తల్లికి మొదలైంది. ఒకరి నుంచి ఇంకొకరికి అంటిన పది నుంచి ఇరవై ఒక్క రోజుల్లో ఇది బయటపడుతుంది. ఆ లెక్కకు సరిపోయింది.

మా దగ్గరికి ఎలా వచ్చింది

రెండో సిజేరియన్‌కు ముప్పై తొమ్మిదో వారం మొదట్లో ముహూర్తం పెట్టించుకున్నారు, శుక్రవారం తెల్లవారుజామున. గురువారం మధ్యాహ్నం చేరడానికి వచ్చారు. పరీక్ష చేస్తుంటే కడుపు మీదంతా పసుపూ వేపాకూ నూరి పట్టించిన పూత కనిపించింది. ప్రసూతి డాక్టర్ అడిగితే 'చెమటకాయలమ్మా, ఎండలకి' అంది వెంట వచ్చిన తల్లి. తడిగుడ్డతో ఒక పక్కన పూత తుడిచి చూస్తే కింద నీటిపొక్కులు. కొన్ని ఇంకా ఎర్రటి దద్దుల్లా ఉన్నాయి, కొన్నింట్లో తేటనీరు, ఒకటి రెండు అప్పటికే చితికి పైన పెచ్చు కడుతున్నాయి. వేర్వేరు దశల్లో ఉన్న పొక్కులు ఒకే చోట కనిపిస్తే వేరే పరీక్ష అక్కర్లేకుండానే ఆటలమ్మ అని చెప్పొచ్చు. చెమటకాయలు అలా ఉండవు. ప్రసూతి డాక్టర్ వెంటనే ఆమెను విడిగా ఒక గదిలోకి మార్పించి నాకు ఫోన్ చేశారు.

ఆ ఫోన్‌లో నేనడిగిన మొదటి మాట: 'మొదటి పొక్కు ఎప్పుడొచ్చిందంట?'

తల్లికి వైరస్ సోకాక అది రక్తంలో తిరిగి మాయ గుండా బిడ్డకు చేరుతుంది. ఇది ఒంటి మీద పొక్కులు కనిపించడానికి కాస్త ముందే మొదలవుతుంది. ఆ వైరస్‌ను ఎదుర్కోవడానికి తల్లి శరీరం తయారుచేసుకునే యాంటీబాడీలు కూడా అదే మాయ గుండా బిడ్డకు చేరతాయి, కాకపోతే ఆలస్యంగా. పొక్కులు వచ్చాక అవి తయారై, తగినన్ని బిడ్డకు అందడానికి ఐదు రోజుల పైన పడుతుంది. ఈలోపు కాన్పయితే బిడ్డకు వైరస్ చేరుతుంది, దాన్ని ఆపే యాంటీబాడీలు చేరవు. బొడ్డు కోసేశాక ఇక అటు నుంచి ఏమీ రాదు. అలాంటి బిడ్డకు పుట్టిన ఐదో రోజు నుంచి పదో రోజు మధ్య జబ్బు బయటపడితే ఊపిరితిత్తులు, కాలేయం, మెదడు దాకా పాకొచ్చు. సరైన మందులు లేని రోజుల్లో ఇలాంటి బిడ్డల్లో నూటికి ముప్పై మంది వరకు చనిపోయినట్టు పాత నివేదికలు చెబుతాయి. అదే తల్లికి పొక్కులు వచ్చిన వారం తర్వాత పుట్టిన బిడ్డకు జబ్బు వచ్చినా చాలావరకు తేలిగ్గా పోతుంది.

అంటే తల్లి ఎంత బాధపడుతోంది, పొక్కులు ఎన్ని ఉన్నాయి అన్నదానికన్నా, మొదటి పొక్కుకూ కాన్పుకూ మధ్య ఎన్ని రోజులున్నాయి అన్నదే బిడ్డ విషయంలో ముఖ్యం.

తేదీ కోసం

నేను వెళ్ళేసరికి కేసు షీటులో 'ఇవాళ పొద్దున' అని ఉంది. ఆ మాట నమ్మడానికి లేదు. పెచ్చు కట్టిన పొక్కు ఆ రోజు పొద్దున వచ్చింది కాదు. గర్భిణిని అడిగితే తల్లి వైపు చూసింది. తల్లి 'ఇవాళే కనపడ్డాయమ్మా' అని అదే మాట మళ్ళీ చెప్పింది. వాళ్ళు అబద్ధాలకోరులేం కాదు. అమ్మవారు ఇంట్లో ఉందని బయటికి చెప్పుకోవడం చాలా ఇళ్ళల్లో ఆనవాయితీ కాదు. పైగా ఆస్పత్రిలో తెలిస్తే వెనక్కి పంపేస్తారని, ముహూర్తం తప్పిపోతుందని టెన్షన్.

ముందు వైరస్ గురించి, యాంటీబాడీల గురించి తేలిక మాటల్లోనే వివరించాను. నూటికి ఇంతమంది అని కూడా చెప్పాను. ఆవిడ మర్యాదగా విని తల ఊపింది. తేదీ మాత్రం మారలేదు. భయపెట్టే లెక్కలు చెబితే మనుషులు ఇంకాస్త ముడుచుకుంటారు. ఇది చాలా కేసుల్లో చూశాను.

అప్పుడు ప్రశ్న మార్చాను. 'అమ్మా, నీళ్ళు ఎప్పుడు పోద్దామనుకుంటున్నారు?'

ఆవిడ వెంటనే, 'తొమ్మిదో రోజు పోయాలి డాక్టరమ్మా, అది బుధవారం పడింది' అంది.

బుధవారం తొమ్మిదో రోజయితే మొదటి రోజు మంగళవారం. అదే అడిగాను. 'మంగళవారం సాయంత్రం దీపాలు పెట్టే వేళకి మెడ దగ్గర రెండు కనపడ్డాయి. అప్పట్నుంచి ఇంట్లో తాలింపు పెట్టలేదు' అంది. పూటతో సహా దొరికింది.

ఆటలమ్మ పోసిన ఇంట్లో ఈ లెక్క తప్పదు. ఎన్నో రోజు నీళ్ళు పోయాలి, ఏ రోజు నుంచి చద్దన్నమూ మజ్జిగా పెట్టారు, ఎప్పటి నుంచి నీచు మానేశారు, ఇవన్నీ పెద్దావిడ మనసులో పక్కాగా ఉంటాయి. మా కేసు షీటుకు కావలసిన తేదీ ఆ ఇంటి ఆచారంలో భద్రంగా ఉంది. ఆవిడ లెక్కపెట్టే పద్ధతిలో అడిగితే దాచాలన్న ఆలోచనే రాలేదు. 1941లో ఆస్ట్రేలియాలో నార్మన్ గ్రెగ్ అనే కంటి డాక్టరు, పుట్టుకతో శుక్లాలున్న పసిపిల్లల తల్లులు గర్భం మొదటి నెలల్లో తమకు రుబెల్లా వచ్చిందని చెప్పుకుంటున్న మాటల్ని పట్టించుకోబట్టే ఆ రెంటికీ సంబంధం ఉందని లోకానికి తెలిసింది. గర్భంలో వచ్చే వైరస్ జబ్బుల్లో ఇంటి ఆడవాళ్ళ జ్ఞాపకాన్ని మించిన ఆధారం చాలాసార్లు మనకుండదు.

మొదటి నిర్ణయం: ఆపరేషన్ ఆపడం

మంగళవారం సాయంత్రం నుంచి శుక్రవారం తెల్లవారుజాముకు రెండున్నర రోజులు. ముహూర్తానికే బిడ్డను తీస్తే యాంటీబాడీలు దాదాపు లేకుండా బయటికి తీసినట్టే. నొప్పులు లేవు, ఉమ్మనీరు సరిపడా ఉంది, బిడ్డ కదలికలు బావున్నాయి. తొందరపడాల్సిన కారణం ఒక్కటీ లేదు. పొక్కులు వచ్చి కనీసం ఏడు రోజులు గడిచేదాకా కాన్పు వాయిదా వేయగలిగితే ఆ బిడ్డకు అంతకన్నా మంచి మందు లేదు. ఖర్చు కూడా లేదు.

అటు వైపు వాదన కూడా గట్టిదే. పాత సిజేరియన్ కుట్టు ఉంది. ఆగితే నొప్పులు మొదలవ్వొచ్చు, కుట్టు మీద ఒత్తిడి పడొచ్చు. ఆటలమ్మ పెద్దవాళ్ళకు, ముఖ్యంగా నిండు గర్భిణికి, న్యుమోనియాగా మారే ప్రమాదం ఉంది. అందుకని ఇంటికి పంపలేదు. విడి గదిలోనే ఉంచి శ్వాస, ఆక్సిజన్, బిడ్డ గుండె చప్పుడు చూస్తూ ఆగుదామని ప్రసూతి డాక్టర్, ఫిజీషియన్, నేను ఒక మాటకు వచ్చాం. ఊపిరి ఇబ్బంది వచ్చినా బిడ్డకు ఇబ్బంది కనిపించినా రోజుల లెక్క పక్కన పెట్టి ఆపరేషన్ చేయాలని కూడా అప్పుడే రాసుకున్నాం. ఆ షరతు ముందే కాగితం మీద లేకపోతే అర్ధరాత్రి డ్యూటీలో ఉన్నవాళ్ళు అయోమయంలో పడతారు.

ముహూర్తం వదులుకోమంటే గొడవవుతుందనుకున్నాం. కానీ దారి పెద్దావిడే చూపించింది. 'అమ్మవారు ఒంటి మీదుండగా శుభకార్యం చెయ్యకూడదు కదమ్మా, నాకూ లోపల పీకుతూనే ఉంది' అంది. అల్లుడు పురోహితుడికి ఫోన్ చేస్తే ఆయనా అదే మాటన్నాడు, నీళ్ళు పోశాక గురువారానికి ఇంకో ముహూర్తం చెప్పాడు. మా లెక్క ప్రకారం కూడా గురువారం చాలా మంచి రోజు.

మాత్రలు

తల్లికి వైరస్‌ను అణిచే ఎసైక్లోవిర్ మాత్రలు రాశాం, 800 మిల్లీగ్రాములవి రోజుకు ఐదుసార్లు, ఏడు రోజులు. పొక్కు కనిపించిన మొదటి రోజే మొదలుపెడితే ఎక్కువ ఉపయోగం. ఇక్కడ ఆ సమయం దాటిపోయింది. అయినా పొక్కులు కొత్తవి ఇంకా పుడుతున్నాయి, నిండు గర్భం, న్యుమోనియా భయం. గర్భిణులకు ఈ మందు చాలా ఏళ్ళుగా వాడుతున్నారు. లాభమే ఎక్కువ అనిపించి మొదలుపెట్టాం.

శుక్రవారం సాయంత్రం నర్సు పక్క దుప్పటి మారుస్తుంటే దిండు కింద మాత్రల షీటు దొరికింది. ఒక్క మాత్రే తీసి ఉంది. అమ్మవారు ఉండగా మందు వేస్తే కోపగించి లోపలికి పోతుందని తల్లి వద్దంది, కూతురు ఎదురుచెప్పలేకపోయింది.

ఇలాంటప్పుడు నమ్మకంతో యుద్ధానికి దిగితే రోగి మధ్యలో నలిగిపోతుంది. నేను ఒక్క సంగతే చెప్పాను. 'పైకి వచ్చినవి వాటి రోజులకు అవే ఎండుతాయమ్మా. లోపల ఊపిరితిత్తుల్లోకి దిగకుండా ఈ మాత్ర. అలా దిగితే తల్లీ బిడ్డా ఇద్దరికీ కష్టం.' వేప రెమ్మ తలుపుకు కట్టుకుంటామంటే సరేనన్నాను. పొక్కుల మీద పసుపు పూత మాత్రం మానేయమన్నాను, ఎందుకంటే ఏ పొక్కు చీము పడుతోందో, ఏది ఎండుతోందో ఆ పూత కింద మాకు కనపడదు. చద్దన్నం, మజ్జిగ, కొబ్బరినీళ్ళు మా వైపు నుంచీ మంచివే, ఒంట్లో నీరు తగ్గకూడదు. చివరికి ఆవిడే మజ్జిగ గ్లాసుతో మాత్ర చేతిలో పెట్టింది. అప్పటి నుంచి నర్సు ఎదుటే ప్రతి మాత్రా వేయించాం. జ్వరానికి పారాసెటమాల్ తప్ప వేరే నొప్పి మాత్రలు ఇవ్వలేదు.

ఇంకో పని వెంటనే చేయాల్సి వచ్చింది. గురువారం ఆమె గర్భిణుల ఓపీలో మిగతావాళ్ళతో పాటు కూర్చుంది. ఇది గాలి ద్వారా కూడా అంటుకునే జబ్బు. ఆ రోజు రిజిస్టరులో ఉన్న ఫోన్ నంబర్లకు మా సిస్టర్లు ఫోన్ చేసి, ఇంతకు ముందు ఆటలమ్మ పోసిందో లేదో అడిగారు. పోయలేదన్నవాళ్ళనీ, గుర్తులేదన్నవాళ్ళనీ యాంటీబాడీ పరీక్షకు రమ్మన్నారు.

అనుకున్నట్టు జరగనివి

శనివారం అర్ధరాత్రి దాటాక ఉమ్మనీరు పోయింది, నొప్పులు మొదలయ్యాయి. పాత కుట్టు ఉండగా ఇక ఆగే ప్రసక్తి లేదు. మత్తు డాక్టర్ వీపు మీద పొక్కు లేని చోటు జాగ్రత్తగా వెతికి వెన్నులో ఇంజెక్షన్ ఇచ్చారు. ఆదివారం తెల్లవారకముందే సిజేరియన్ అయింది. మగబిడ్డ, 2.8 కిలోలు, పుట్టగానే ఏడ్చాడు, ఒంటి మీద ఒక్క మచ్చ లేదు.

మంగళవారం సాయంత్రం నుంచి లెక్కపెడితే నాలుగున్నర రోజులు. కొన్ని యాంటీబాడీలు వచ్చి ఉండొచ్చు కదా, బిడ్డ బావున్నాడు కదా, చూస్తూ ఉందాం అన్న మాట మా బృందంలో వచ్చింది. నేను ఒప్పుకోలేదు. ఐదు రోజులనేది గీత గీసినట్టు ఉండేది కాదు. ఒక తల్లికి ముందు, ఒక తల్లికి తర్వాత. అదృష్టం బావుంటే మందు వృథా అవుతుంది, బాగోకపోతే బిడ్డ పోతాడు. ఈ రెంటినీ ఒకే తక్కెడలో వేయలేం.

ఇలాంటి బిడ్డకు ఇవ్వాల్సింది ఆటలమ్మ వైరస్ మీద ప్రత్యేకంగా తయారైన ఇమ్యూనోగ్లోబ్యులిన్, అంటే ఆ యాంటీబాడీలను సిద్ధంగా అందించే మందు. గురువారం నుంచే వెతుకుతున్నాం. గుంటూరులో లేదు, విజయవాడ డిస్ట్రిబ్యూటర్ల దగ్గర లేదు, హైదరాబాద్ నుంచి తెప్పించాలంటే ఎన్ని రోజులో ఎవరూ గట్టిగా చెప్పలేదు. చాలా ఖరీదు, అరుదుగా అడిగే మందు, ఎవరూ నిల్వ ఉంచరు. కాన్పు దాకా రోజులున్నాయి కదా, ఈలోపు వస్తుందనుకున్నాం. రాలేదు. దాని కోసం ఎదురుచూస్తూ కూర్చోవడం కన్నా, చాలామంది దాతల రక్తం నుంచి తీసిన మామూలు ఇమ్యూనోగ్లోబ్యులిన్ ఇవ్వడం మేలు. దాతల్లో చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు ఆటలమ్మ వచ్చి ఉంటుంది కాబట్టి అందులో ఆ యాంటీబాడీలు కొంత ఉంటాయి. కిలోకు 400 మిల్లీగ్రాముల లెక్కన, ఐదు శాతం ద్రావణంలో దాదాపు 22 మిల్లీలీటర్లు, బిడ్డ పుట్టిన కొద్ది గంటల్లోనే నెమ్మదిగా ఎక్కించాం.

ఇది జబ్బును కచ్చితంగా ఆపుతుందని కుటుంబానికి చెప్పలేదు. 'వచ్చినా తీవ్రంగా రాకుండా ఉండటానికి. ఇరవై ఎనిమిది రోజుల దాకా కనిపెట్టుకుని ఉండాలి' అనే చెప్పాను. ఇది ఇచ్చినప్పుడు జబ్బు బయటపడే గడువు కూడా సాగుతుంది, మామూలుగా అనుకునే ఇరవై ఒక్క రోజులతో అయిపోదు.

తల్లీ బిడ్డలను విడదీయాలా అన్నది ఆ తర్వాతి ప్రశ్న. దీని మీద మార్గదర్శకాలన్నీ ఒకే మాట చెప్పవు. కొన్ని తల్లి పొక్కులు ఎండేదాకా విడిగా ఉంచమంటాయి, కొన్ని కలిపే ఉంచొచ్చంటాయి. మేం కలిపే ఉంచాం. కారణాలు మూడు. వైరస్ చేరాల్సి ఉంటే కడుపులోనే రక్తం ద్వారా చేరి ఉంటుంది. రెండోది, విడదీస్తే బిడ్డను పెట్టాల్సింది నెలలు తక్కువ పిల్లలున్న వార్డులో. వీడికి జబ్బు బయటపడితే కిలో, కిలోన్నర బరువున్న ఆ పిల్లల గతి ఏంటి? మూడోది తల్లిపాలు. తల్లి మాస్కు పెట్టుకుని, చేతులు కడుక్కుని పాలిచ్చింది. ఎడమ రొమ్ము మీద చనుమొన దగ్గర ఒక పొక్కు ఉంది. అది ఎండేదాకా ఆ వైపు పాలు పిండి తీసేయించాం, కుడి వైపు నేరుగా ఇచ్చింది. ఆ గదిలోకి ఆటలమ్మ వచ్చిపోయినవాళ్ళనో, టీకా వేయించుకున్నవాళ్ళనో మాత్రమే డ్యూటీకి పంపాం.

బుధవారం, తొమ్మిదో రోజు, అనుకున్న ప్రకారమే పెద్దావిడ వేపాకు వేసి కాచిన నీళ్ళు పోసింది. ఆపరేషన్ కుట్టు తడవకుండా సిస్టర్ ముందే ప్లాస్టర్ వేసింది. అంతకు ముందు తల నుంచి పాదాల దాకా చూశాను. ఒక్క నీటిపొక్కు లేదు, అన్నీ పెచ్చులే. పెచ్చు కట్టాక అంటుకోదు. నీళ్ళు పోసే రోజూ మేం ఐసొలేషన్ తీసేసే రోజూ ఒకటే అయ్యాయి.

మళ్ళీ చేరడం

శుక్రవారం ఇంటికి పంపేటప్పుడు తండ్రికి చేతిరాతతో ఒక కాగితం ఇచ్చాను. రోజూ స్నానం చేయించేటప్పుడు ఒళ్ళంతా, తలలో, చంకల్లో, తొడల మడతల్లో చూడాలి. ఒక్క ఎర్ర మచ్చ కనిపించినా, పాలు తగ్గినా, ఊపిరి వేగంగా తీసినా ఏ వేళయినా ఫోన్ చేయాలి. పదకొండో రోజు పురుడుకు చుట్టాలను పిలవొద్దు, గర్భిణులనూ పసిపిల్లలనూ అసలే రానివ్వొద్దు. ఈ ఆఖరి మాట పెద్దావిడకు కష్టంగా అనిపించింది, కానీ పాటించింది.

బిడ్డకు పదో రోజు రాత్రి వాట్సాప్‌లో ఫొటో వచ్చింది. వీపు మీద రెండు ఎర్ర మచ్చలు, ఒకదాని నడిమధ్య ఆవగింజంత నీరు. కింద అమ్మమ్మ మాటగా తండ్రి టైప్ చేశాడు: 'అమ్మవారే అంటోంది మా అత్త. రమ్మంటారా?' ఆ రాత్రే రమ్మన్నాను.

వచ్చేసరికి ఏడెనిమిది పొక్కులయ్యాయి. పసిబిడ్డ ఒంటి మీద నీటిపొక్కులంటే హెర్పిస్ అనే ఇంకో వైరస్‌ను కూడా ఆలోచించాలి, దానికైతే ఎసైక్లోవిర్ మోతాదు రెట్టింపు, చికిత్స రోజులూ ఎక్కువ. అయితే ఆ పొక్కులు గుంపుగా ఒకే చోట వస్తాయి. ఇక్కడ విడివిడిగా, వేర్వేరు దశల్లో ఉన్నాయి, తల్లి కథ స్పష్టంగా ఉంది. పొక్కు నీటిని పీసీఆర్ పరీక్షకు పంపి, ఫలితం కోసం ఆగకుండా ఎసైక్లోవిర్ ఇంజెక్షన్ మొదలుపెట్టాం. కిలోకు 10 మిల్లీగ్రాములు, ఎనిమిది గంటలకోసారి, ప్రతి డోసూ గంటసేపు నెమ్మదిగా. మందు మూత్రపిండాల్లో పేరుకోకుండా పాలు సరిగా తాగుతున్నాడా, ఎన్నిసార్లు మూత్రం పోశాడు, రక్తంలో మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ ఎంత అని చూస్తూ ఉన్నాం. ఛాతీ ఎక్స్‌రే తేటగా ఉంది, కాలేయం పరీక్షలు మామూలుగా ఉన్నాయి.

మూడో రోజుకు కొత్త పొక్కులు ఆగిపోయాయి. మొత్తం ఇరవైకి మించలేదు. జ్వరం రాలేదు, ఒక్క పూట కూడా పాలు మానలేదు. పీసీఆర్‌లో ఆటలమ్మ వైరసే అని వచ్చింది. ఏడు రోజులు ఇంజెక్షన్లు పూర్తిచేసి పంపాం.

ఏది పనిచేసింది

ఇమ్యూనోగ్లోబ్యులిన్ జబ్బు రాకుండా ఆపలేదు. కానీ పదో రోజున మొదలైనా ఇంత తేలిగ్గా పోవడంలో దాని వాటా ఉందని నా అభిప్రాయం. కాన్పును శుక్రవారం నుంచి ఆదివారానికి జరపగలిగిన ఆ రెండు రోజుల వాటా కూడా ఉంది. ఆ రెండు రోజులూ మాయ గుండా కొంతైనా రక్షణ అంది ఉంటుంది. ఏది ఎంత చేసిందో ఒక్క కేసులో విడదీసి చెప్పలేం. ఎసైక్లోవిర్ విషయంలో మాత్రం సందేహం లేదు. దానికి కావలసింది త్వరగా మొదలుపెట్టడం, ఆ త్వర ఒక అమ్మమ్మ కళ్ళ వల్ల వచ్చింది. రెండు మచ్చలున్నప్పుడే గుర్తుపట్టింది. మొదట్లో దాచిన మనిషే ఈసారి తనంతట తాను చెప్పించింది. మధ్యలో మారిందల్లా ఒకటే, ఆవిడ లెక్కకు ఆస్పత్రిలో విలువ దొరికింది.

ఈ కేసు తర్వాత మా కాన్పుల విభాగం కేసు షీటులో రెండు ప్రశ్నలు చేర్చాం. మీకు చిన్నప్పుడు ఆటలమ్మ పోసిందా? ఈ నెలలో ఇంట్లో గానీ పక్కింట్లో గానీ ఎవరికైనా పోసిందా? ముహూర్తం కాన్పులకు ఈ రెండో ప్రశ్న మరీ ముఖ్యం. నొప్పులు వచ్చాక ఏమీ చేయలేం గానీ, మనం పెట్టుకున్న తేదీని మనం మార్చుకోగలం. ఊళ్ళల్లో తిరిగే ఆశా కార్యకర్తలకు ఒక మాట చెబుతున్నాం. ఆటలమ్మ ఉన్న ఇంట్లో గర్భిణి ఉంటే పొక్కులు వచ్చేదాకా ఆగకుండా ఫోన్ చేయమని. అంటిన కొద్ది రోజుల్లోనే తెలిస్తే పరీక్ష చేసి, రక్షణ లేదని తేలితే చేయగలిగింది చాలా ఉంటుంది.

బాబుకు ఇప్పుడు ఏడాది దాటింది. ఎదుగుదల, చూపు, వినికిడి బావున్నాయి. ఇమ్యూనోగ్లోబ్యులిన్ ఎక్కించిన బిడ్డకు తట్టు టీకా ఎనిమిది నెలల దాకా సరిగా పట్టదు, ఆ అరువు యాంటీబాడీలు టీకాను అడ్డుకుంటాయి. తొమ్మిదో నెల ఎంఆర్ డోసుకు ఆ గడువు దాటిపోయింది కాబట్టి వేళకే వేయించాం. ఇలాంటి పిల్లలకు మొదటి రెండేళ్ళలో ఒంటికి ఒక పక్కన వరసగా పొక్కులు, మనవాళ్ళు సర్పి అనేది, రావచ్చు. ఆ సంగతి డిశ్చార్జి కాగితంలో రాసిచ్చాను. తల్లి చెల్లెలికి ఆ మధ్యే పెళ్ళయింది, ఆమెకూ ఆటలమ్మ పోయలేదట. పరీక్షలో రక్షణ లేదని తేలాక, గర్భం లేదని చూసుకుని రెండు డోసుల టీకా వేయించుకుంది, రెండో డోసు తర్వాత కూడా కనీసం నెల రోజులు ఆగమని చెప్పాం.